మందు వికటిస్తే ఎక్కడ చెప్పాలో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

నెలసరి నొప్పికీ పంటి నొప్పికీ మన ఇళ్లలో విరివిగా వాడే మెఫెనమిక్ యాసిడ్ అరుదుగా ‘డ్రెస్’ అనే తీవ్రమైన అలర్జీకి దారి తీయవచ్చని, వైద్యులూ రోగులూ కనిపెట్టి ఉండాలని 2023 నవంబరు 30న మందుల నాణ్యతనూ భద్రతనూ చూసే భారత ఫార్మకోపియా కమిషన్ హెచ్చరించింది. ఇలాంటి హెచ్చరిక వెలువడినప్పుడల్లా ఆ మాత్ర ప్రమాదకరమన్న మాటే జనంలోకి వెళుతుంది తప్ప, అది ఏ లెక్క మీద వచ్చిందో, ఆ లెక్క తేలడంలో రోగి పాత్ర ఏమిటో వెళ్లదు.

ఈ హెచ్చరికలకు మూలం వైద్యులూ రోగులూ స్వచ్ఛందంగా పంపే నివేదికలు. మాత్రను మొత్తం ఎంతమంది మింగారో తెలియదు కనుక లక్షకు ఎందరికి వికటించిందో వాటి నుంచి చెప్పలేం. అందువల్ల, ఒక మందుపై వచ్చిన నివేదికల్లో ఫలానా లక్షణం వాటా ఎంత, మిగతా మందులన్నిటి నివేదికల్లో ఎంత అని పోల్చి చూస్తారు. ఇక్కడే ఒక చిక్కుంది. మిగతా మందుల వాటాను బట్టి 0.1 నివేదిక రావలసిన చోట ఒకటి వచ్చినా, 2 రావలసిన చోట 20 వచ్చినా పది రెట్లే. కానీ మొదటిది కేవలం కాకతాళీయం కావచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున దేశదేశాల నివేదికలను పరిశీలించే స్వీడన్‌లోని ఉప్సాలా కేంద్రం పద్ధతిలో, వచ్చిన సంఖ్యకూ రావలసిన సంఖ్యకూ చెరో అర కలిపి భాగిస్తారు. అప్పుడు మొదటిది 2.5కు దిగిపోతుంది, రెండోది 8.2 దగ్గర నిలబడుతుంది. ఇంత చిన్న సవరణ ఎన్ని తప్పుడు భయాలను ఆపుతుందో తలచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

అయితే అసలు నివేదికే రాకపోతే ఏ సూత్రమూ పనికిరాదు. గర్భిణులు వాడిన థాలిడొమైడ్ అనే మందు వల్ల శిశువుల్లో కనిపించిన అవయవ లోపాలు అంతకుముందు చాలా అరుదు కాబట్టి, 1961లో కొద్దిమంది వైద్యుల పరిశీలనతోనే అనుమానం బలపడింది. డ్రెస్ సంగతి అలా కాదు. అది సాధారణంగా మందు మొదలుపెట్టిన రెండు నుంచి ఎనిమిది వారాలకు జ్వరంగా, దద్దుర్లుగా బయటపడుతుంది. డెంగీ, వైరల్ జ్వరాల కాలంలో ఎప్పుడో వేసుకున్న మాత్ర ఎవరికి గుర్తుంటుంది? గుర్తున్నా వివరాలు ఉండవు. రెండు మాత్రలు అడిగితే షాపులో స్ట్రిప్‌ను కత్తెరతో కత్తిరించి ఇస్తారు, బ్యాచ్ నంబరున్న ముక్క చాలాసార్లు అక్కడే మిగిలిపోతుంది.

పత్రికలకు ఒక మనవి. హెచ్చరిక వార్త గట్టిగా వచ్చాక ఆ మందు మీదే నివేదికలు పెరిగి, రెట్ల లెక్క వాస్తవానికి మించి కనిపించే అవకాశం ఉంది. కాబట్టి హెచ్చరిక అనుమానమే గాని రుజువు కాదని, వైద్యుణ్ని అడగకుండా మందు మానవద్దని మొదటి పేరాలోనే రాయండి. వికటించినట్టు అనిపిస్తే 1800-180-3024 నంబరుకు గాని, దగ్గరి వైద్య కళాశాలలోని మందుల దుష్ప్రభావాల పర్యవేక్షణ కేంద్రానికి గాని చెప్పవచ్చని అదే వార్తలో అచ్చువేయండి. రోగులు స్వయంగా నింపే ఫారం తెలుగులోనూ ఉంది. రెండు రాష్ట్రాల ఔషధ నియంత్రణ అధికారులు దానిని ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, ప్రతి మందుల షాపులో ఉంచాలని, విడి మాత్రలు ఇచ్చేటప్పుడు పేరూ బ్యాచ్ నంబరూ కవరు మీద రాయించాలని కోరుతున్నాను.

— ఒక విశ్రాంత గణాంకశాస్త్ర అధ్యాపకుడు, గుంటూరు