పది గీతల కాగితం

చిరంజీవి బుజ్జమ్మకు నాన్న ఆశీస్సులు.

ఈ విషయం నోటితో చెప్పబోతే మన ఇద్దరి గొంతులూ పెరుగుతున్నాయి కాబట్టి రాస్తున్నాను. ఆదివారం తెలుగు బడిలో నేర్చుకున్నది మరిచిపోలేదు కదా, నిదానంగా చదువు; అర్థం కానిచోట అమ్మను అడుగు.

మీ కౌన్సెలర్ పది గీతలున్న కాగితం పంచి, ఒక్కొక్కరూ పది కాలేజీలకు మించి దరఖాస్తు చేయకూడదని చెప్పినప్పుడు అందరికంటే ముందు లేచి అభ్యంతరం చెప్పినవాణ్ణి నేనే. ఒకే దరఖాస్తును చాలా కాలేజీలకు పంపించే కామన్ యాప్ ఇరవై కాలేజీలకు అవకాశమిస్తుంటే, పక్కవీధిలో ప్రభుత్వ పాఠశాలకు వెళ్లే అబ్బాయి ఆ ఇరవైకీ పెట్టుకుంటుంటే, ఇంత ఫీజు కడుతున్న మనకు అందులో సగమేమిటని నా వాదన. మార్కుల పత్రం, స్కూలు నివేదిక, కౌన్సెలర్ లేఖ అన్నీ స్కూలు నుంచే వెళ్లాలి గనుక వాళ్లు పదితో ఆపేస్తే మనం చేయగలిగింది లేదు.

నాది ఒక్క ర్యాంకుతో తేలిపోయిన తరం. ఎంసెట్ కౌన్సెలింగ్‌కు మీ తాతయ్యతో హైదరాబాదు వెళ్లి, మా పిలుపు వచ్చేసరికి మిగిలిన సీట్లలోంచి నిలబడ్డ పాటున ఒకటి కోరుకుని వచ్చాను. అందుకే కాబోలు, ఇక్కడ అమెరికాలో కనిపించిన ప్రతి తలుపూ నీ చేత తట్టించాలనిపించింది. ఆ పంతొమ్మిది కాలేజీల పట్టిక తయారుచేసింది నేను, నువ్వు కాదు.

మొన్న రాత్రి నువ్వు పడుకున్నాక నీ వ్యాసాలు చదివాను. అడగకుండా చదవడం తప్పే. ‘మా కాలేజీయే ఎందుకు’ అన్న ప్రశ్నకు మొదటి జవాబులో మన ఇంటి వెనక వాగు నీళ్లు సీసాలలో పట్టుకొచ్చి పరీక్షించిన సంగతి ఎంతో బాగా రాశావు. మూడో జవాబుకు వచ్చేసరికి రెండో కాలేజీ గ్రంథాలయం పేరు అందులో అలాగే ఉండిపోయింది. ఇంకా పదహారు కాలేజీలు మిగిలే ఉన్నాయి.

ఎక్కువ పెడితే ఎక్కడో ఒకచోట తగలకపోతుందా అన్న నా లెక్కలోనూ పస లేదు. 2021లో చేరే తరగతికి హార్వర్డ్‌కు 57,435 దరఖాస్తులు వస్తే 1,968 మందినే తీసుకున్నారు. అలాంటి కాలేజీలు పది చేర్చినంత మాత్రాన అవకాశం పదింతలు కాదు. ఒకచోట నీ ఫైలులో కనిపించిన లోటు మరోచోటా కనిపిస్తుంది. బ్రిటన్‌లో కాలేజీ దరఖాస్తులు తీసుకునే యూకాస్ సంస్థ ద్వారా ఐదింటికి మించి పెట్టుకోనివ్వరు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి రెండింటికీ ఒకే ఏడాది పెట్టుకోవడం కుదరదు.

అయినా మీ స్కూలు పెట్టిన ఈ పది కాలేజీల నియమాన్ని నేను పూర్తిగా ఒప్పుకోలేదు. స్కాలర్‌షిప్ మీద చదువుతున్న నీ స్నేహితురాలి సంగతి వేరు. ముందుగా ఒకే కాలేజీకి పెట్టుకునే ఎర్లీ డెసిషన్‌లో సీటు వస్తే చేరతామని ముందే మాట ఇవ్వాలి గనుక, ఏ కాలేజీ ఎంత సహాయం చేస్తుందో పోల్చి చూసుకోవలసిన కుటుంబానికి అది ఇబ్బందే. వసంతంలో వచ్చే ఆర్థిక సహాయపు ఉత్తరాలను పక్కపక్కన పెట్టుకుని, మే 1 లోపు తేల్చుకునే ఆ తల్లిదండ్రులకు పది చాలకపోవచ్చు. మనకు చాలు. అందుకని నీ కోసం రాసిపెట్టుకున్న అభ్యర్థనను చించేసి, ఆర్థిక సహాయం అవసరమైన పిల్లలకు పరిమితి సడలించమని ప్రిన్సిపాల్‌కు మరొకటి రాశాను. అమ్మ కూడా సంతకం చేసింది.

నా పట్టిక తీసేశాను. పది గీతల కాగితం ఖాళీగా ఫ్రిజ్ తలుపుకు అంటించి ఉంది. ఒక గీత మీద న్యూజెర్సీ ప్రభుత్వ విశ్వవిద్యాలయం రట్గర్స్ ఉండాలన్నది నా కోరిక. అది ఖర్చు లెక్క చూసుకుని అడుగుతున్నది, దాచడం దేనికి. మిగిలిన తొమ్మిదీ నీవి. నవంబరు 1 గడువు ఉన్నవాటి సంగతి ముందు చూడు. ఆ మూడో జవాబులో గ్రంథాలయం పేరు మాత్రం ఇవాళే సరిచేయి.

ఇట్లు,
నాన్న