పాస్‌వర్డ్ మీ దగ్గర, గోల మా గేటు దగ్గర

కస్టమర్ సపోర్ట్ విభాగం పెద్దలకు,

హనుమకొండ చౌరస్తా దగ్గరి బట్టల షాపు యజమాని నమస్కరించి రాయునది.

విషయం: కొత్త లాటు ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగులు (దొంగతనం జరగకుండా బట్టలకు కుట్టే రేడియో చిప్పులు) ఆగకపోవడం, మీరు జవాబు ఇవ్వకపోవడం.

ట్యాగు పని చేయనందుకే అయితే నాకు ఇంత కోపం వచ్చేది కాదు. మిషన్ అన్నాక మొరాయిస్తుంది. రంగు దిగిన చీరను మేమూ మారు మాట్లాడకుండా వెనక్కి తీసుకుంటాం. కానీ చెప్పేది వినకుండానే 'మీ సమస్య పరిష్కరించబడింది, మాకు ఎన్ని స్టార్లు ఇస్తారు?' అని మెసేజ్ పెట్టే పద్ధతి మాత్రం మీ దగ్గరే చూస్తున్నాను.

సంగతి మీ రికార్డులో ఎలా రాసుకున్నారో తెలియదు కాబట్టి మళ్ళీ చెప్తున్నాను. చీర అంచు దగ్గర లేబుల్‌లో ట్యాగు కుట్టిస్తాం. బిల్లు కొట్టగానే కౌంటర్ మీది రీడర్, అంటే ట్యాగులు చదివే మిషన్, ఆ ట్యాగుకు కిల్ కమాండ్ పంపాలి, అది శాశ్వతంగా ఆగిపోవాలి, కస్టమర్ నిశ్చింతగా ఇంటికి పోవాలి. అమ్మేటప్పుడు మీ సేల్స్ అబ్బాయి చెప్పిన మాటే ఇది. పాత లాటు అలాగే పని చేసింది. దసరా ముందు వచ్చిన కొత్త లాటులో ఒక్క ట్యాగూ ఆగడం లేదు. గుమ్మం దగ్గర పెట్టిన మీ అలారం గేటేమో బిల్లు అయిందా లేదా చూడదు, బతికున్న ట్యాగు కనబడితే చాలు, మొత్తుకుంటుంది.

నర్సంపేట నుంచి వచ్చే ఒకావిడ మా దగ్గర కొన్న చీరే కట్టుకుని, వియ్యపురాలిని వెంటబెట్టుకుని మళ్ళీ షాపుకు వచ్చారు. గుమ్మంలో కాలు పెట్టగానే గేటు కూత. మా వాచ్‌మన్ అలవాటు కొద్దీ చేయి అడ్డం పెట్టాడు. లోపలున్నవాళ్ళంతా తలలు తిప్పి చూశారు. "గిదేంది సేటూ, పైసలు కట్టి కొన్న చీరకు నన్ను దొంగను చేస్తవా?" అని ఆవిడ అడిగితే నా దగ్గర జవాబు లేదు. వియ్యపురాలు మాత్రం ఏమీ అనలేదు, ఆ చీర కొంగు వంక చూస్తూ నిలబడ్డారు. అదే ఎక్కువ బాధ. కొత్తవాడ జంపఖానాలకూ మీ ట్యాగులే కుట్టించాం, వాటిని ఎవరూ కట్టుకుని రారు కాబట్టి బతికిపోయాం.

ఇక మీ సపోర్ట్ సంగతి. ఫోన్ చేస్తే ముందు పాట. పాట అయ్యాక 'మీ కాల్ మాకు ఎంతో విలువైనది.' మళ్ళీ పాట. మొదట దొరికిన అబ్బాయి రీడర్ ఆపి ఆన్ చేయమన్నాడు. చేశాం. తర్వాత దొరికిన అమ్మాయి హిందీలో, యాంటెనాకు దగ్గర పెట్టండి, పవర్ పెంచండి అంది. ట్యాగును చదవడానికి కావాల్సిన దానికంటే దాంట్లో రాయడానికి, దాన్ని ఆపడానికి ఎక్కువ పవర్ కావాలన్నది నిజమేనట, ఆ మేరకు ఆమెను తప్పు పట్టను. కానీ పవర్ చాలకపోతే 'పవర్ చాలలేదు' అని ట్యాగే చెప్తుంది, దానికి వేరే ఎర్రర్ కోడ్ ఉంది. ట్యాగును ఆపాలంటే ముందు దాంట్లో ఒక కిల్ పాస్‌వర్డ్ ఉండాలి, దాన్ని రాయబోతే మా స్క్రీన్ మీద వచ్చేది 'మెమరీ లాక్ అయి ఉంది' అని. ఆ స్క్రీన్ ఫొటో పంపాను. ఫొటో అందిందని మెసేజ్ వచ్చింది, చూసిన ఆనవాలు మాత్రం లేదు.

మూడో ఆయన సీనియర్ అట. కిల్ పాస్‌వర్డ్‌గా ఎనిమిది సున్నాలు కొట్టి చూడమన్నాడు. మా తమ్ముడి కొడుకు ఇంజనీరింగ్ చదువుతున్నాడు, వాడు పక్కనే కూర్చుని తల పట్టుకున్నాడు. కిల్ పాస్‌వర్డ్ అన్నీ సున్నాలుగా ఉన్న ట్యాగు కిల్ కమాండ్‌ను అసలు అమలు చేయదు, స్టాండర్డ్ అలాగే రాశారు, లేకపోతే దారిన పోయేవాడు రీడర్ పట్టుకుని షాపులోని ట్యాగులన్నీ ఆపేసి పోడా అన్నాడు వాడు. సున్నాలు పని చేయలేదని చెప్తే ఆ సీనియర్, అయితే ఒకసారి పర్మనెంట్ లాక్ పెట్టి చూడండి అన్నాడు. అయ్యా, ఒకసారి పర్మనెంట్‌గా లాక్ చేశాక మళ్ళీ తీయడం ఎవరి వల్లా కాదు. పైగా యాక్సెస్ పాస్‌వర్డ్ (ట్యాగు మెమరీకి వేసే తాళంచెవి లాంటిది) పెట్టిన ట్యాగుకు లాక్ కమాండ్ ఇవ్వాలంటే ముందు ఆ పాస్‌వర్డ్ చెప్పాలి. నేను అడుగుతున్నదే ఆ పాస్‌వర్డ్! తాళంచెవి అడిగితే ఇంకో తాళం వేసుకోమన్నట్టుంది మీ సలహా.

తర్వాత టెక్నీషియన్‌ను పంపారు. మర్యాదస్తుడే. చాయ్ తాగాడు, గేటు ముందు నిలబడి సెల్ఫీ లాంటిది ఒకటి తీసుకున్నాడు, ఓటీపీ అడిగాడు, చెప్పాం. ఆ ఓటీపీ టికెట్ మూసేయడానికని ఆయన బండి చౌరస్తా దాటాక మెసేజ్ చూస్తే తెలిసింది. పోయేముందు ఇచ్చిన సలహా: కత్తెరతో లేబుల్ కోసేయండి. పట్టు చీర అంచు మీద కుట్టిన లేబుల్‌ను పెళ్ళివాళ్ళ ముందు కత్తెర పెట్టి కోయాలా? కత్తెరతోనే పని జరిగేదైతే మీ రీడర్ ఎందుకు, మీరెందుకు?

మావాడు చూసి చెప్పిన లెక్క ఇది. కొత్త లాటును మీ దగ్గరే ప్రింట్ చేసేటప్పుడు ఏదో యాక్సెస్ పాస్‌వర్డ్ పెట్టి, పాస్‌వర్డ్‌లు ఉండే చోటును లాక్ చేసి పంపారు. ఆ చోటు లాక్ అయితే రాయడమే కాదు, చదవడమూ కుదరదు. ముప్పై రెండు బిట్ల పాస్‌వర్డ్, నాలుగు వందల కోట్లకు పైగా రకాలు. ఊహించి కొట్టుకుంటూ కూర్చోవడానికి నేను షాపు మూసుకోవాలి. మీ ఫైల్లో ఒక లైను వెతికి పంపడానికి మీకెంత సేపు? 'సెక్యూరిటీ కారణాల వల్ల పాస్‌వర్డ్ చెప్పలేం' అని మెయిల్ పెట్టారు. డబ్బు కట్టింది నేను, ట్యాగు నా చీరకు ఉంది, సెక్యూరిటీ ఎవరి నుంచి? నా నుంచా?

2016లో పెద్ద నోట్లు రద్దయి బజారంతా తల్లడిల్లుతున్నప్పుడు కూడా మీ బార్‌కోడ్ ప్రింటర్‌కు చెక్కు ఆపని మనిషిని నేను. మా వరసలో షాపులవాళ్ళు ఏ కంపెనీ మంచిదని అడిగితే మీ పేరే చెప్పాను. ఇప్పుడు వాళ్ళే నా గేటు కూసినప్పుడల్లా బయటికి వచ్చి నవ్వుతున్నారు. ఇంత చేసినదానికి మీ లెక్కలో నేనొక టికెట్ నంబర్‌ను, అదీ మూసేసిన టికెట్‌ను.

అన్నట్టు, ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు) రెన్యువల్ కోసం మాత్రం మీవాళ్ళు తెగ ఫోన్ చేస్తున్నారు. ఆ లైన్‌లో పాట ఉండదు, హిందీ ఉండదు, చక్కటి తెలుగులో "అన్నా, పేమెంట్ ఎప్పుడు?" అంటారు. ఆ పిల్లను సపోర్ట్‌లో కూర్చోబెట్టండి, సగం గొడవ తీరుతుంది.

మాఘమాసం పెళ్ళిళ్ళు మొదలయ్యేలోపు ఆ లాటు పాస్‌వర్డ్ పంపుతారో, ట్యాగులు మార్చి కుట్టుకూలితో సహా ఇస్తారో, గేటు పీక్కుపోయి డబ్బు వాపసు ఇస్తారో మీ ఇష్టం. ఏదీ కాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాను, వినియోగదారుల కమిషన్‌కు పోతాను. వ్యాపారానికి కొన్న వస్తువు అని మీ వకీలు అడ్డం చెప్తాడని మా వకీలు ముందే అన్నాడు, బతుకుదెరువుకు సొంతంగా నడుపుకునే షాపు అని ఆయన వాదిస్తాడట. అది తేలేలోపు వర్తక సంఘం మీటింగ్‌లో ఈ ఉత్తరం మైకులో చదువుతాను, నర్సంపేట ఆవిడ మాటలతో సహా.

ఏఎంసీ చెక్కు రాసి గల్లాపెట్టెలో పెట్టాను. సంతకం మాత్రం పాస్‌వర్డ్ వచ్చి, మా కౌంటర్ మీద ఒక్క ట్యాగైనా ఆగిన తర్వాతే.

ఇట్లు,
మీ పాత కస్టమర్,
హనుమకొండ