కాటన్ దొర కూతురి సంగతి నీకు చెప్పకపోతే నిద్ర పట్టదు

గువాహటి,
ఆదివారం రాత్రి

ఒరేయ్ సత్తిబాబూ,

తిట్టేదేదో ముందు తిట్టేసి ఆ తర్వాత చదువు. ఉగాదికి రాస్తానన్నాను, వినాయక చవితి కూడా వెళ్ళిపోయింది. ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నాం కదా అంటావు గానీ, ఫోన్లో నువ్వు ఐదు నిమిషాలకే "సరే ఉంటారా" అంటావు. ఈ సంగతి ఐదు నిమిషాల్లో అయ్యేది కాదు.

మా కబుర్లు గబగబా చెప్పేస్తా. అందరం బాగానే ఉన్నాం. పెద్దదానికి స్కూలు కుదిరింది, చిన్నాడికి అస్సామీ మాటలు మాకంటే ముందే వచ్చేశాయి. మా ఆవిడ ఇక్కడి పుల్లటి చేపల పులుసు నేర్చుకుంది, మన పులస ముందు ఏదీ నిలబడదనుకో. బ్యాంకులో పని ఎప్పటిలాగే. నాన్నగారి మోకాలు ఎలా ఉంది? చెల్లెమ్మ బదిలీ సంగతి ఏమైంది? ఇవి మాత్రం తప్పకుండా రాయి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నా. ఇక్కడ పాన్‌బజార్‌లో కాటన్ విశ్వవిద్యాలయం అని ఉంది, దీఘలిపుఖురి చెరువు పక్కనే. మొన్నమొన్నటిదాకా కాటన్ కాలేజీ. ఆ బోర్డు చూస్తే గోదావరోడి గుండె ఎలా కొట్టుకుంటుందో నీకు వేరే చెప్పాలా! ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన మన ఆర్థర్ కాటన్ దొర ఇక్కడికి కూడా వచ్చాడా అని మా ఆఫీసులో ఒక పెద్దాయన్ని అడిగాను. ఆయన ఆ కాలేజీలోనే చదివాడట. ఛాతీ విరుచుకుని, "మీ కాటన్ ఎవరో నాకు తెలీదు, మా కాటన్ మాత్రం మా అస్సాం మొత్తానికీ మొదటి కాలేజీ ఇచ్చినవాడు" అన్నాడు. భూపేన్ హజారికా కూడా అక్కడే చదువుకున్నాడని చెప్పి, నన్ను కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. నేను ధవళేశ్వరం చెప్పాను, ఆయన గువాహటి చెప్పాడు. మన ఊళ్ళో ఎవరైనా కాటన్ దొర పేరెత్తితే మీ తాతగారి గొంతు ఎలా మారిపోయేదో గుర్తుందా, అచ్చం ఆ గొంతే.

వీళ్ళ కాటన్ పేరు సర్ హెన్రీ కాటన్. 1896 నుంచి 1902 దాకా అస్సాం చీఫ్ కమిషనర్. కాలేజీ పెట్టింది 1901లో. ఆయన పుట్టింది ఎక్కడనుకున్నావు? కుంభకోణంలో, 1845లో! తండ్రి మద్రాసు సివిల్ సర్వీసులో ఉండేవాడు. కుంభకోణం అంటే కావేరి డెల్టా కదరా. ఆయన పుట్టడానికి తొమ్మిదేళ్ళ ముందు, 1836లో, కొల్లిడం మీద ఆనకట్టల పని పట్టింది ఎవరు? మన దొరే! అంటే మన కాటన్ నీళ్ళు పారించిన నేల మీద వీళ్ళ కాటన్ పుట్టాడు. ఇది చదివిన రాత్రి లేచి వరండాలో అటూ ఇటూ తిరిగాను. ఇద్దరూ దగ్గర చుట్టాలేమో అని చాలా ఆశపడ్డాను. కాదు. హెన్రీది జోసెఫ్ కాటన్ అనే ఓడల కెప్టెన్ సంతతి, మన ఆర్థర్‌ది చెషైర్‌లో కాంబర్‌మీర్ జమీందారుల కుటుంబం.

ఈ హెన్రీ గురించి ఇంకొక్కటి చెప్పాలి, ఇది మనవాళ్ళకీ సంబంధించింది. అప్పట్లో ఇక్కడి తేయాకు తోటలకు ఎక్కడెక్కడి నుంచో కూలీలను తెచ్చేవారు, మన గంజాం, విశాఖ జిల్లాల నుంచి కూడా. వాళ్ళ కూలి పెంచాలని, వాళ్ళని కొట్టే తోట యజమానులకు శిక్ష పడాలని ఈయన పట్టుబట్టాడు. తెల్ల ప్లాంటర్లందరూ ఆయన మీద పడ్డారు. ముందు వెనకేసుకొచ్చిన వైస్రాయి కర్జన్ తర్వాత జారిపోయాడు. ఈయన ఉద్యోగం వదిలి వెళ్ళి, 1904 బొంబాయి కాంగ్రెస్ సభకి అధ్యక్షుడయ్యాడు. ఇంగ్లీషువాడు కాంగ్రెస్ అధ్యక్షుడు! అక్కడ నిలబడి, స్వేచ్ఛగా ఉండే రాష్ట్రాల సమాఖ్యగా భారతదేశం ఏర్పడాలని మాట్లాడాడు. 1904లోరా! ఇలాంటి మనిషి గురించి మనకి ఒక్క ముక్క చెప్పకుండా పదో తరగతి ఎలా గట్టెక్కించారో నాకు అర్థం కాదు. ఆయన కొడుకుల్లో జూలియన్ అనే ఆయన మద్రాసు సివిల్ సర్వీసులో ఉండి, మద్రాసులోని పాత సమాధుల మీద రాతలన్నీ ఏరి 1905లో పుస్తకం వేశాడు. అదొక పెద్ద కథ, మళ్ళీ ఎప్పుడైనా.

ఇక అక్కడి నుంచి నాకు కాటన్‌ల పిచ్చి పట్టింది. ఇంగ్లండులో స్మిత్‌లూ జోన్స్‌లూ ఊరికి వందమంది ఉంటారు గానీ ఈ ఇంటిపేరు అలా కాదు, అయినా ఎక్కడ తవ్వినా ఎవరో ఒకరు తగులుతున్నారు. నువ్వు ఎమ్మెస్సీలో చంకలో పెట్టుకుని తిరిగిన కాటన్-విల్కిన్సన్ కెమిస్ట్రీ పుస్తకం, "అన్నం మానేస్తా గానీ దీన్ని అప్పివ్వను" అన్నావే, ఆ ఆల్బర్ట్ కాటన్ అమెరికావాడు, ఫిలడెల్ఫియాలో పుట్టాడు. రీనియం అనే లోహం పరమాణువుల మధ్య నాలుగు బంధాలు ఉంటాయని 1964లో చూపించిన మహానుభావుడు. ఆ పుస్తకంలో ఎండిన తామర రేకు ఎవరు పెట్టారో నేను ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు, చెప్పను.

1571లో పుట్టిన రాబర్ట్ కాటన్ అని ఇంకొకాయన. ఇంట్లో పాత రాతప్రతులు పోగేసి, ఒక్కో బీరువా మీద ఒక్కో రోమన్ చక్రవర్తి తల బొమ్మ పెట్టి, ఆ పేర్లతోనే పుస్తకాలకు గుర్తులు రాసుకునేవాడు. ఇంగ్లీషువాళ్ళ పాత వీరగాథ బియోవుల్ఫ్ ఉన్న ఒకే ఒక్క ప్రతి ఆయన దగ్గరే ఉండేది. ఆయన పోయిన వందేళ్ళకి, 1731లో, ఆ గ్రంథాలయం అంటుకుంది. అంచులు కాలినా ఆ ప్రతి బతికింది. ఇది చదువుతుంటే మీ అటక మీద చెదలు పట్టిన తాళపత్రాలు గుర్తొచ్చి కడుపు రగిలిపోయింది. వాటిని ఇప్పటికైనా ఎవరికైనా చూపించరా బాబూ, బతిమాలుతున్నా.

భరత్‌పూర్ కోట 1826లో పట్టుకున్న స్టేపుల్టన్ కాటన్ మన ఆర్థర్‌కి పెదనాన్న కొడుకు. ఆయన కోటలు కూలుస్తున్న ఆ రోజుల్లో మన దొర కుర్ర ఇంజనీరు, బర్మా యుద్ధంలో ఉన్నాడు. సిమ్లా, బెంగళూరుల్లోని బిషప్ కాటన్ స్కూళ్ళు ఎవరి పేరో ఆ జార్జి కాటన్ 1866లో బెంగాల్లోని కుష్టియా దగ్గర పడవలోకి ఎక్కబోతూ చెక్క మీంచి జారి నదిలో పడి పోయాడు. శవం కూడా దొరకలేదట. ఒక కాటన్ నదిని లొంగదీస్తే ఇంకో కాటన్‌ని నది తీసుకుపోయింది. ఇది తలుచుకుంటే ఏదోలా ఉంటుంది.

సరే, ఇదంతా పక్కన పెట్టు. నేను చెప్పాలని తన్నుకులాడుతున్నది ఇది కాదు.

కాకినాడ హాస్టల్లో మన బెల్లంగాడు గుర్తున్నాడా? వాడికీ నీకూ పరీక్షల ముందు రాత్రి తగువు. డార్విన్ చనిపోయే ముందు తన సిద్ధాంతానికి చింతించాడనీ, మంచం మీద బైబిల్ చదువుకున్నాడనీ వాడు. ఆధారం చూపించు అని నువ్వు. వాడు పళ్ళెం విసిరాడు, అది కిటికీలోంచి ఎవరి మీద పడిందో మనకి తెలుసు. మర్నాడు జువాలజీ మేష్టారిని అడిగితే, "ఎవరో ఒకావిడ చెప్పిన కథ అది" అని వదిలేశారు. ఎవరా ఆవిడ అని మనం అడగలేదు.

ఆవిడ మన కాటన్ దొర కూతురురా!

నిజంగా. ఎలిజబెత్ కాటన్. 1842లో టాస్మేనియాలో పుట్టింది. అంటే ధవళేశ్వరం పని 1847లో మొదలయ్యేనాటికి నాలుగైదేళ్ళ పిల్ల. ఆనకట్ట పూర్తయింది 1852లో. దొర జేమ్స్ హోప్ అనే అడ్మిరల్‌కిచ్చి పెళ్ళి చేశాడు, అందుకని ఆవిడ లేడీ హోప్. లండన్‌కి దక్షిణాన డోర్కింగ్ అనే ఊళ్ళో, పెళ్ళికి ముందు నుంచే, కూలి జనం సారా కొట్టుకి పోకుండా కాఫీ గది ఒకటి నడిపేది. మత బోధ, మద్యం మాన్పించడం, ఇదే ఆవిడ జీవితం. మన దొర చివరి రోజులు గడిపిందీ ఆ ఊళ్ళోనే. తొంభై దాటాక కూడా పెరట్లో గోధుమ మడులు లోతుగా తవ్వించి దిగుబడి లెక్కలు చూసుకునేవాడట, ఎంత ముచ్చటగా ఉంది చెప్పు! 1899 జూలైలో తొంభై ఆరేళ్ళకి పోయాడు. మరుసటేడే ఈ కూతురు తండ్రి జీవిత చరిత్ర అచ్చు వేయించింది. మన దొర గురించి అందరూ ఇప్పటికీ చెప్పుకునే సంగతుల్లో ఎన్నో ఆ పుస్తకంలోంచి వచ్చినవే.

ఆ కూతురే 1915లో అమెరికాలో, మసాచుసెట్స్‌లోని నార్త్‌ఫీల్డ్‌లో ఒక మత సభలో ఈ డార్విన్ కథ చెప్పింది. ఆగస్టులో బాప్టిస్టు పత్రిక ఒకటి దాన్ని వేసింది. ఒక శరత్కాలపు సాయంత్రం తను వెళ్ళేసరికి డార్విన్ ఊదారంగు మెత్తటి గౌను వేసుకుని మంచం మీద ఆనుకుని ఉన్నాడనీ, బైబిల్లోని హెబ్రీయుల పత్రిక చదువుతున్నాడనీ, తన పాత ఆలోచనలు ఎటు పోయాయో అని బాధపడ్డాడనీ, తోటలోని కుటీరంలో జనానికి క్రీస్తు గురించి చెప్పమని తనని అడిగాడనీ. అప్పటికి డార్విన్ పోయి ముప్పై మూడేళ్ళు, ఆయన పోయింది 1882 ఏప్రిల్‌లో. కథ దేశదేశాలు పాకింది. పాకి పాకి కాకినాడ హాస్టల్లో బెల్లంగాడి పళ్ళెం దాకా వచ్చింది.

డార్విన్ కూతురు హెన్రియెట్టా 1922లో గట్టిగా రాసింది. నాన్న పోయేటప్పుడు మంచం పక్కన నేనున్నాను, లేడీ హోప్ ఆయన చివరి రోజుల్లో లేదు, అసలు ఆయన్ని చూసి ఉంటుందనే నేను అనుకోను, నాన్న ఏ మాటా వెనక్కి తీసుకోలేదు అని. చూశావా, ఇద్దరు తండ్రుల కోసం ఇద్దరు కూతుళ్ళు. నేను హెన్రియెట్టా మాటే నమ్ముతాను, నువ్వూ నమ్ముతావు.

అయితే పూర్తిగా గాలిలోంచి పుట్టిన కథా అంటే అదీ కాదు. డార్విన్ ఊరు డౌన్‌లో ఫెగాన్ అనే బోధకుడు మందు మాన్పించే సభలు పెడితే, డార్విన్ స్వయంగా తను నడిపించే చదువుగది వాళ్ళకి ఇచ్చాడు. తాగుబోతుల్ని మార్చాడని మెచ్చుకున్నాడు కూడా. దేవుడి సంగతి తేల్చి చెప్పలేనన్న మనిషి, ఊళ్ళో మంచి జరుగుతుంటే గది తాళాలు ఇచ్చాడు. నాకు ఆ లేనిపోని మంచం కథ కంటే ఇది వెయ్యి రెట్లు గొప్పగా అనిపించింది. ఎలిజబెత్ ఆ వైపుకి ఎప్పుడైనా వెళ్ళి ఉండొచ్చు, ఆయన్ని ఒకసారి పలకరించి ఉండొచ్చు అనేవాళ్ళున్నారు. కానీ మనసు మార్చుకున్నాడన్నది మాత్రం...

నాకు కోపం రావాలి కదా, రావట్లేదు. బాధగా ఉంది. మన దొరకి భక్తి ఎంత ఉండేదో మనకి తెలుసు, కానీ కాలవ లెవెల్ విషయంలో ఆయన ఒక్క అంగుళం కూడా భక్తితో కొలవలేదు. డొక్కల కరువులో చచ్చినవాళ్ళ లెక్కలు, నీటి లెక్కలు, పన్ను లెక్కలు అన్నీ ముందు పెట్టి మద్రాసువాళ్ళ చేత ఒప్పించుకున్నాడు. అలాంటి ఇంట్లో పుట్టి ఈవిడ ఇలా ఎందుకు చేసింది? ఆ సభకి రెండేళ్ళ ముందే ఇంగ్లండు వదిలి అమెరికా వెళ్ళింది. అంతకు ముందు, 1911లో, దివాలా తీసింది. డెబ్బై ఏళ్ళు దాటిన ఒంటరి ముసలావిడ పరాయి దేశంలో, తనని శ్రద్ధగా వినే జనం ముందు నిలబడి... ఏమోరా. నాకు అక్కడ ఆలోచన ఆగిపోతోంది. నువ్వయితే ఏమంటావో రాయి, నువ్వు మనుషుల్ని నాకంటే బాగా చదువుతావు. 1922 మార్చిలో సిడ్నీలో పోయింది, హెన్రియెట్టా ఖండన అచ్చయిన కొద్ది రోజులకే.

ఇంకో విడ్డూరం విను. ఆ కథ అచ్చయిన 1915లోనే, అక్టోబరులో, మన అస్సాం హెన్రీ కాటన్ లండన్‌లో పోయాడు. ఆయన ఏ మతాన్నీ నమ్మనివాడు, ఆగస్ట్ కామ్టే అనే ఫ్రెంచి తత్వవేత్త బాట పట్టుకున్నవాడు. ఒకే ఇంటిపేరుతో ఒక భక్తుడైన ఇంజనీరు, ఒక నాస్తికుడైన చీఫ్ కమిషనర్, ఇద్దరూ మనవాళ్ళ కడుపు కోసం పైవాళ్ళతో తగువులు పెట్టుకున్నవాళ్ళే. బెల్లంగాడు గానీ నువ్వు గానీ ఆ రోజు రాత్రి ఈ ఇద్దరి సంగతి వినుంటే పళ్ళెం ఎగిరేది కాదనుకుంటా.

నీకొక పని. వచ్చే ఆదివారం ధవళేశ్వరం కాటన్ మ్యూజియంకి వెళ్ళు. పిల్లల్ని తీసుకెళ్ళు, చెల్లెమ్మని కూడా. అక్కడ ఎలిజబెత్ పేరు గానీ ఫొటో గానీ ఎక్కడైనా ఉందేమో చూడు. ఉంటే ఫొటో తీసి పంపు, పక్కన ఏం రాశారో అక్షరం వదలకుండా పంపు. లేకపోతే అక్కడివాళ్ళని అడుగు, ఆవిడ రాసిన పుస్తకం ప్రతి అక్కడ ఉందా అని. ఉంటే నేను సంక్రాంతికి వచ్చినప్పుడు చదవడానికి కూర్చోనిస్తారేమో కనుక్కో. బెల్లంగాడి నంబరు నీ దగ్గర ఉంటే అది కూడా. వాడికి నేనే చెప్పాలి, నువ్వు ముందు చెప్పేయకు.

ఆవిడ రెండో పెళ్ళి సంగతి, డెన్నీ అనే వ్యాపారి, అది అసలు చెప్పనే లేదు, అయినా లేడీ హోప్ అన్న పేరే ఎందుకు ఉంచుకుందో... చిన్నాడు లేచి ఏడుస్తున్నాడు, మా ఆవిడ పిలుస్తోంది. పొద్దున్నే దీన్ని పోస్టులో వేసేస్తా, మళ్ళీ చదివితే పంపను.

నీ
రాజు