నాయనా, ఆ నలభై నిమిషాల చీటీ

టొరంటో,
నవంబరు 9

నాయనా,

నేను బాగున్నాను. మోకాళ్లకు నూనె రాస్తున్నాడా అని అమ్మను అడిగితే "ఆయన్నే అడుగు" అంది. అడుగుతున్నా. ఇదంతా ఫోన్లో చెప్పొచ్చు గానీ బొమ్మ గీయకుండా కుదరదు, అందుకే కాగితం.

సాయంత్రం కాలేజీలో అకౌంట్స్ కోర్సుకు ముందు లెక్కల పేపరు ఒకటి పాసవ్వాలని చెప్పాను కదా. పోయిన వారం టెస్టులో ఒక ప్రశ్న: ఒకడు సైకిల్ మీద కొండ దిగుతున్నాడు, ఎంతసేపటికి ఎంత దూరం వచ్చాడో గ్రాఫు గీయండి. దిగుతున్నాడు కదా అని నేను గీతను కిందికి దించేశాను. సున్నా! "ఇది రోడ్డు బొమ్మ, గ్రాఫు కాదు" అని ఎర్ర ఇంకుతో రాసిచ్చారు. ఏడుపొచ్చింది.

ఆ రాత్రి నువ్వూ, మన జీపూ గుర్తొచ్చారు. తిరుమల నుంచి దిగేటప్పుడు పైన టైము వేసిచ్చిన చీటీని నా చేతికే ఇచ్చేవాడివి. నలభై నిమిషాలకు ముందే కిందికి చేరితే ఫైను. ఆ రోడ్డు ఇంచుమించు 19 కిలోమీటర్లు. ఒకసారి 17 కిలోమీటర్లు అరగంటలోనే దిగేసి, "ఇంకా టైముందిలే" అని పక్కన ఆపావు. ఆరు నిమిషాలు గుడ్డతో అద్దం తుడుస్తూ నిలబడ్డావు. మిగిలిన రెండు కిలోమీటర్లూ నాలుగు నిమిషాల్లో. చీటీ చూసినాయన ఏమీ అనలేదు.

కాగితం వెనక చూడు. అడ్డంగా నిమిషాలు, నిలువుగా కిలోమీటర్లు. నువ్వు కొండ దిగుతున్నా గీత పైకే పోతుంది, ఎందుకంటే వచ్చిన దూరం పెరుగుతూనే ఉంది. జోరుగా నడిపిన చోట గీత నిటారుగా లేచింది, అద్దం తుడిచిన చోట పడుకుంది. అక్కడ గీత వాలు సున్నా, రోడ్డు మాత్రం ఏటవాలే. నిలువుగా దూరానికి బదులు సముద్రమట్టం నుంచి ఎత్తు వేసుంటే గీత కిందికి దిగేది, వాలు మైనస్ అయ్యేది. నేను పప్పులో కాలేసింది అక్కడే.

చీటీ చూసేది రెండు టైములే, పైనదీ కిందదీ. బొమ్మలో ఆ రెండు చుక్కల్నీ కలిపి స్కేలుతో తిన్నగా గీసిన గీత చూడు. దాని వాలే సగటు మార్పు రేటు: 19ని 40తో భాగిస్తే నిమిషానికి అర కిలోమీటరు కంటే కొంచెం తక్కువ, గంటకు 28.5 కిలోమీటర్లు. నువ్వు మలుపుల్లో ఎంత జోరుగా కొట్టావో ఆ గీతకు తెలీదు. నాకు తెలుసు, వెనక సీట్లో ముసలమ్మ గోవిందా గోవిందా అంటూనే ఉంది.

అసలు సంగతికొస్తా. ముక్కోటి ఏకాదశికి శ్రీవారి మెట్టు దారిన తిరుమలకు నడిచి ఎక్కుతానన్నావట, తమ్ముడు చెప్పాడు. "రెండు కిలోమీటర్లే కదా" అన్నావట! అక్కడ 2,388 మెట్లు. అంటే కిలోమీటరుకు 1,100 పైనే. అలిపిరి దారి దాదాపు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు, కిలోమీటరుకు నాలుగు వందలు కూడా పడవు. అలాగని దాన్నీ నమ్మేదానికి లేదు. గాలిగోపురం దాకా ఊపిరాడదు, జింకల పార్కు దగ్గర మామూలు నడకే, అయిపోయింది అనుకునేసరికి మోకాళ్ల మెట్టు. ఆ నాలుగు వందల లెక్కలో ఇవేవీ కనపడవు.

మార్చిలో వస్తున్నా. అప్పటిదాకా ఆగు, అలిపిరి నుంచి కలిసి ఎక్కుదాం. గాలిగోపురం దగ్గర ఎంతసేపైనా కూర్చుందాం, టైము చీటీ అడిగేవాళ్లు ఎవరూ ఉండరు.

నీ పెద్దపాప