అగ్వేరో ఆట బంద్ వెట్టిండు

నల్లగొండ,
18-12-2021

బావా,

దసరాకు రాస్తా అన్న ఉత్తరం ఇయ్యాల రాస్తున్న. తిట్టకు, తప్పు నాదే. వడ్లు ఎల్లినయ్, అమ్మ మోకాళ్ల నొప్పులు గట్లనే ఉన్నయ్, చిన్నోడు రెండో తరగతి, దుకాణంల పని మస్తుంది. ఆదివారం ఎన్జీ కాలేజీ గ్రౌండ్ల ఆట నడుస్తనే ఉంది. ఇవన్నీ అటు వెట్టు.

అర్జెంటీనా ఫుట్‌బాల్ ఆటగాడు అగ్వేరో ఆట బంద్ వెట్టిండు రా.

నీకు తెల్సే ఉంటది. తెల్సినా నేను చెప్పాలె, ఇక్కడ చెప్పుకునే మనిషి లేడు. మా ఆమెకు చెప్తే "ఎవలు, మీ దుకాణం గిరాకా?" అన్నది. బుధవారం సాయంత్రం బోరు మోటర్ ఒకటి చుట్టుకుంట ఫోన్ పక్కన గోడకు ఆనిచ్చి పెట్టిన. బార్సిలోనా గ్రౌండ్ క్యాంప్ నౌల మైకు ముందట కూసున్నడు. నోరు తెరిచిండో లేదో ఏడుపు ఆగలే. కండ్లు తుడుసుకుంటడు, మాట మొదలువెడతడు, మల్ల ఆగుతడు. ఆరోగ్యం కోసమే ఆపుతున్న అన్నడు. ముందట బార్సిలోనా పోరగాళ్లు, మాంచెస్టర్ సిటీ నుంచి ఆయన పాత కోచ్ గార్డియోలా గూడ వచ్చి కూసున్నడు. నా చేతుల తీగ గట్లనే ఉంది, చుట్ల లెక్క తప్పింది. అంతా విప్పి మల్ల మొదటి నుంచి చుట్టిన.

33 ఏండ్లు బావా. మన ఈడోడు. 1988ల పుట్టినోడు.

నీ చెప్పులు యాదికొచ్చినయ్. 2012 మే 13, రామగిరి రూం, మాంచెస్టర్ సిటీకి క్యూపీఆర్ టీంకు మ్యాచ్. క్యూపీఆర్‌ల పది మందే మిగిలిన్రు, అయినా సిటీ 2-1తోని వెనకవడ్డది. నువ్వు "అయిపోయిందిరా" అని లేచి చెప్పులేసుకున్నవ్. నీ ఒక కాలు చెప్పుల, ఒక కాలు గడప మీద ఉన్నప్పుడే జెకో తల తోని కొట్టె. బాలొటెల్లి కిందవడుకుంటనే బంతి నూకిండు, అగ్వేరో ఒకన్ని తప్పిచ్చి కొట్టిండు. 93 నిమిషాల 20 సెకండ్లు! 44 ఏండ్లకు ఇంగ్లండ్ లీగ్ గెలిచిన్రు. నువ్వు ఆ ఒంటి చెప్పు తోనే మంచమెక్కి ఎగిరినవ్, ఓనరమ్మ వచ్చి... సరే, ఆ ముచ్చట రాయ, కాగితం ఎవల చేతుల వడతదో.

సిటీకి పదేండ్లల్ల 260 గోల్స్. ఆ క్లబ్బుల అన్ని ఎవ్వరూ కొట్టలే. ఎండకాలం బార్సిలోనాకు వచ్చింది మెస్సితోని ఆడుదామనే గదా, ఈయన వచ్చినంక ఆయన పారిస్ పోయిండు. పిక్క పట్టేసి రెండు నెలలు కూసున్నడు. మొత్తం ఐదు మ్యాచులు, ఒక్క గోల్, అది గూడ రియల్ మాడ్రిడ్ మీద. వారం తిరగకముందే అలవేస్ మ్యాచ్‌ల, హాఫ్‌టైం గూడ కాలే, రొమ్ము పట్టుకొని గడ్డి మీద పండుకున్నడు. పోయిన జూన్ల డెన్మార్క్ ఆటగాడు ఎరిక్సన్ గుండె ఆగి గ్రౌండ్ల కూలవడ్డప్పుడు మనిద్దరం ఫోన్ల ఎట్ల వణికినమో... ఈయన నడుసుకుంట బయటికి పోయిండు గదా అని నేను మంచిగనే పండుకున్న ఆ రాత్రి. మూడు నెలలల్ల వస్తడన్నరు. గుండె కొట్టుకునుడు వరస తప్పిందట, ఆడకుంటెనే మంచిదని డాక్టర్లు చెప్పిన్రట.

ఇగ నేను అసలు రాయాలనుకున్నది ఇది. పోయిన నెల నువ్వు ఫోన్ల అన్నవ్, శుక్రవారం ఆడుతుంటే గుండె ఎగిరెగిరి పడ్డది, కొద్దిసేపు కూసుంటే తగ్గిందని. నేనేమన్న? "బిర్యానీ తగ్గియ్యి" అని నవ్విన. బుధవారం నుంచి ఆ నవ్వు నాకు నిద్ర పట్టనిస్తలేదు. మోటర్ల ఒక ఫేజ్ పోయినా అది తిరుగుతనే ఉంటది బావా, రైతుకు తెల్వది, లోపల వైండింగ్ కాలుతనే ఉంటది. నా దగ్గరికి తెచ్చేసరికి బొగ్గు. రోజూ చూసేటోన్ని, నీ మాట ఇన్నప్పుడు నాకెందుకు తట్టలే?

ఈసీజీ తీయించుకో. మంచిగనే ఉన్న అని నాకు చెప్పకు, కాగితం ఫొటో పెట్టు. అక్కకు నేనింకా చెప్పలే, వారం చూస్త. అప్పటిదాంక బంతి ముట్టకు. పోయిన ఆదివారం నీ సైడు ఎవల్ని నిలబెట్టినమో తెలుసా, ఆ నిమ్మకాయ—

మీ చిన్నాయన కొడుకు బండి హారన్ కొడుతుండు, శంషాబాద్ పోవాలె వాడు. మామిడి తొక్కు డబ్బా, ఈ కాగితం వాని సంచిల పెడుతున్న. ఫొటో పెట్టు. మర్చిపోకు, ఫొటో