ఆటోనగర్ బాబాయ్‌కి, లంబసింగిలో బండి తోసిన తమ్ముళ్లకి

పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయట్లేదు. విజయవాడ ఆటోనగర్‌లో మా పాత బొలెరోకి రెండో బ్యాటరీ వైరింగ్ అంతా మళ్లీ చేసిచ్చిన ఎలక్ట్రీషియన్ బాబాయ్‌కి ముందుగా దండాలు.

నాన్నగారి ఇన్సులిన్ కోసం బండిలో చిన్న 12 వోల్టుల ఫ్రిజ్ పెట్టుకున్నాం. దానికని ఒక షాపులో రెండో బ్యాటరీ వేయిస్తే, వాళ్లు రెండింటినీ సన్నటి వైరుతో నేరుగా కలిపేశారు. లంబసింగిలో రెండు రాత్రులు బండి కదపలేదు. ఫ్రిజ్, లైట్లు కలిసి రెండు బ్యాటరీలనీ పీల్చేశాయి. మూడోరోజు పొద్దున్నే ఆ చలిలో సెల్ఫ్ కొడితే టిక్ టిక్ తప్ప ఏమీ లేదు. టీ తాగుతున్న నలుగురు కుర్రాళ్లు గ్లాసులు పక్కన పెట్టి వచ్చి తోశారు. మీ పేర్లు కూడా అడగలేదు తమ్ముళ్లూ, టెన్షన్‌లో ఉన్నాను.

బాబాయ్ బానెట్ ఎత్తి, "ఇవి రెండు బ్యాటరీలు కాదయ్యా, ఒకటే పెద్ద బ్యాటరీ" అన్నారు. ఇంజన్ నడిచి వోల్టేజీ 13.3 వోల్టులు దాటితే రెండు బ్యాటరీలనీ కలిపి, ఇంజన్ ఆగి 12.8కి దిగితే విడదీసే రిలే (దానంతటదే పనిచేసే స్విచ్) వేశారు. బ్యాటరీలని కలిపే వైరుకి రెండు కొసల్లోనూ ఫ్యూజులు పెట్టారు. ఎందుకు రెండు అంటే, వైరు ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే కరెంటు రెండు వైపుల నుంచీ వస్తుందట. నాకది తట్టనే లేదు.

టెస్టింగ్ దగ్గర ఆయన ఓపిక చూడాలి. ఇంజన్ నడుస్తుంటే ముందున్న ఇంజన్ బ్యాటరీ దగ్గర 14.2 వోల్టులు, వెనకున్న ఫ్రిజ్ బ్యాటరీ దగ్గర 13.4. కొత్తగా లావు కేబుల్ వేసినా ఇంత తేడానా అని ఎర్త్ బోల్టు (బ్యాటరీ నెగటివ్ వైరుని బండి బాడీకి బిగించేది) విప్పి చూస్తే కింద కరెంటుకి అడ్డుగా పెయింటు. గీకి బిగించాక వెనక 14 వచ్చింది. అంతటితో వదల్లేదు, "రాత్రి ఫ్రిజ్ వేసి ఉంచు, పొద్దున చూద్దాం" అన్నారు. పొద్దున వెనకది 12.3, ముందుది 12.6. ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్!

కొత్త బీఎస్6 (కొత్త కాలుష్య నిబంధనల) బండ్లలో కొన్నిటికి ఈ రిలే సరిపోదని, బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ వోల్టేజీ తగ్గించేస్తుంది కాబట్టి, ఆ వోల్టేజీని సరిచేసి రెండో బ్యాటరీకి ఇచ్చే డీసీ టు డీసీ చార్జర్ పెట్టాలని కూడా చెప్పారు.

సామాను ఖర్చుపైన ఆయన తీసుకున్నది ఐదొందలే. ఇప్పుడు రిలే టక్కుమన్నప్పుడల్లా వెనక సీట్లోంచి నాన్న "కలిసిందిరా" అంటున్నారు.