హెల్త్ ఇన్‌స్పెక్టర్లకి ట్రైనింగ్ కుళాయి దగ్గర ఇవ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం,

నీళ్లు కలుషితమై జనం ఆస్పత్రి పాలయ్యారు అనే వార్త వచ్చినప్పుడల్లా చివర్లో ఒక లైను ఉంటుంది, అధికారుల నిర్లక్ష్యమే కారణం అని. నేనూ ఆ అధికారుల్లో ఒకణ్ణే, ఇరవై ఏళ్ల పైన హెల్త్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైర్ అయ్యాను. నిర్లక్ష్యం లేదని నేను అనను, ఉంది, కానీ చాలాసార్లు అసలు సంగతి ఏంటంటే ఆ ఇన్‌స్పెక్టర్‌కి ఆ పని దగ్గరుండి చేసి చూపించినవాళ్లే ఉండరు. చట్టంలో సెక్షన్లు చదివిస్తారు, ఫారాలు చేతిలో పెడతారు, వెళ్లి తనిఖీ చెయ్ అంటారు. అందుకే ఈ ఉత్తరం, కొంచెం పెద్దదే, దయచేసి వేసుకోండి.

నా సంగతే చెప్తాను. చేరిన మొదటి ఏడాది కుళాయి నీళ్ల శాంపిల్ తెమ్మని బాటిల్ ఇచ్చి పంపారు. మూత తీస్తే బాటిల్ అడుగున కాస్త తెల్లటి పొడి అంటుకుని ఉంది, ఎవరో సరిగ్గా కడగలేదు అనుకుని ఆ కుళాయి కిందే పెట్టి రెండు మూడు సార్లు శుభ్రంగా కడిగి, నిండా నింపి ల్యాబ్‌కి పంపాను. రిపోర్ట్ బాగానే వచ్చింది, బ్యాక్టీరియా ఏమీ లేదని. ఇలా కొన్ని నెలలు చేశాను. తర్వాత ఒకరోజు ల్యాబ్‌లో పెద్దాయన ఒకరు చూసి, అయ్యో బాబూ ఆ పొడి మురికి కాదు, సోడియం థయోసల్ఫేట్, కావాలనే వేస్తాం అన్నారు. కుళాయి నీళ్లలో ఉన్న క్లోరిన్‌ని అది అక్కడికక్కడే పనిచెయ్యకుండా ఆపేస్తుందన్నమాట. అది లేకపోతే శాంపిల్ ల్యాబ్‌కి వెళ్లేదాకా దారి పొడుగునా క్లోరిన్ తన పని తను చేస్తూనే ఉంటుంది, కుళాయి దగ్గర బతికున్న బ్యాక్టీరియా ల్యాబ్‌కి చేరేసరికి చచ్చిపోతుంది, రిపోర్ట్ క్లీన్‌గా వస్తుంది. ఆ నెలల్లో నేను పంపిన బాటిళ్లన్నీ గుర్తొచ్చి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ నీళ్లు తాగినవాళ్లలో చిన్నపిల్లలు ఎంతమందో.

ఈ ఒక్క మాట చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. కుళాయి తిప్పి నీళ్లు కాసేపు పారనివ్వాలి, బాటిల్ కడక్కూడదు, పైన కొంచెం ఖాళీ ఉంచాలి, మూత లోపలి వైపు వేలు తగలకూడదు, ఐస్ మీద పెట్టి వీలైతే ఆరు గంటల్లో, ఎంత ఆలస్యమైనా 24 గంటల్లోపు ల్యాబ్‌లో ఇవ్వాలి. ఇదంతా బోర్డు మీద రాసి చెప్తే గుర్తుండదు, కుళాయి దగ్గర ఒకసారి చేస్తే జన్మలో మర్చిపోరు.

క్లోరిన్ టెస్ట్ కూడా అంతే. నీళ్లలో డీపీడీ మాత్ర వేస్తే గులాబీ రంగు వస్తుంది, రంగు ఎంత ముదిరితే క్లోరిన్ అంత ఉన్నట్టు, ఇది అందరికీ తెలుసు. కానీ క్లోరిన్ మరీ ఎక్కువైతే ఆ గులాబీ రంగునే అది తినేస్తుంది, ట్యూబులో నీళ్లు ఏ రంగూ లేకుండా కనిపిస్తాయి, తెలియనివాడు క్లోరిన్ లేదని రాసుకుని ఇంకాస్త కలపమని చెప్పి వస్తాడు. అనుమానం వస్తే అదే శాంపిల్‌ని క్లోరిన్ లేని డిస్టిల్డ్ వాటర్‌తో పలచన చేసి మళ్లీ చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది క్లోరిన్ కలిపి 30 నిమిషాలు ఆగాక లీటరుకి కనీసం 0.5 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి, పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం కొలత) 8 కంటే తక్కువ ఉండాలి, జనం పట్టుకునే చోట 0.2 కి తగ్గకూడదు అని. ఈ అంకెలు మావాళ్లు గడగడా చెప్తారు. ఒక లైన్లో పది కుళాయిలకీ 0.5 వచ్చి పదకొండో దానికి సున్నా వస్తే ఏం అర్థం చేసుకోవాలో మాత్రం ఎవరూ చెప్పరు. ఆ రెండింటి మధ్యలో ఎక్కడో పైపుకి చిల్లు పడి ఉండొచ్చు, నీళ్లు వదలని టైములో పైపులో ప్రెషర్ పడిపోయి పక్కనున్న మురుగు లోపలికి లాక్కుంటూ ఉండొచ్చు, ఆ మురుగే క్లోరిన్‌ని తినేస్తోంది. వచ్చిన అంకెల్ని మ్యాపు మీద పెట్టి చూడగలిగితే జబ్బు రాకముందే లీకు దొరుకుతుంది, రిజిస్టర్లో రాసి మూసేస్తే జబ్బు వచ్చాక దొరుకుతుంది.

మ్యాపు అంటే జాన్ స్నో గుర్తొస్తాడు. 1854లో లండన్ బ్రాడ్ స్ట్రీట్‌లో కలరాతో ఆరొందల మందికి పైగా చచ్చిపోతే, ఒక చేతి పంపు దగ్గర తప్పు ఉందని పట్టుకున్న డాక్టరు. పంపు హ్యాండిల్ పీకించిన సంగతి అందరూ చెప్తారు, నాకు మాత్రం ఆయన జబ్బు పడనివాళ్లని కూడా వెతికిన విషయం పెద్దదనిపిస్తుంది. పంపు పక్కనే ఉన్న బీరు ఫ్యాక్టరీ పనివాళ్లు కలరాతో ఎందుకు పోలేదు అని వెళ్లి అడిగితే వాళ్లు ఆ పంపు నీళ్లు తాగరని తెలిసింది. దూరంగా వేరే ప్రాంతంలో ఒక్కావిడ చనిపోతే, రుచి బాగుంటుందని ఆవిడ ఈ పంపు నీళ్లే తెప్పించుకుని తాగేదని తెలిసింది. ఇప్పుడు మన తనిఖీల్లో ఏం చేస్తున్నాం, వాంతులు విరేచనాలు అయినవాళ్ల పేర్లు రాసుకుని వచ్చేస్తున్నాం. అదే ఇంట్లో ఉండి బాగున్నవాళ్లు ఏం తిన్నారు, ఏం తాగలేదు అని అడక్కపోతే కారణం ఎలా తెలుస్తుంది? జబ్బు వచ్చినప్పుడు ఎవర్ని ఏం అడగాలి, ఎలా అడగాలి అనేదానికి కనీసం రెండు రోజుల ట్రైనింగ్ ఉండాలి, అది కూడా నిజంగా మనుషులతో మాట్లాడించి.

హోటళ్ల తనిఖీ గురించి కొంచెం. గోడలకి సున్నం వేశారా, పనివాళ్లు టోపీ పెట్టుకున్నారా అని చూసి వచ్చేస్తే తనిఖీ అయిపోదు. జేబులో థర్మామీటర్ ఉండాలి, అది కరెక్టో కాదో ఐస్ నీళ్లలో పెట్టి సున్నా చూపిస్తుందో లేదో చూసుకోవడం రావాలి. 5 నుంచి 60 డిగ్రీల మధ్యలో ఉన్న తిండిలో బ్యాక్టీరియా వేగంగా పెరుగుతుంది, అందుకని వేడి వస్తువు 60 కి పైన, చల్లటిది 5 కి లోపల. పెద్ద గిన్నెలో వండింది అలాగే ఫ్రిజ్‌లో పెడితే పైన చల్లగానే ఉంటుంది, నడిమధ్యలో థర్మామీటర్ దింపితే గంటల తర్వాత కూడా గోరువెచ్చగా ఉంటుంది, లోతు తక్కువ ఉన్న పళ్లాల్లోకి సర్దమని ఎందుకు చెప్పాలో ఒక్కసారి చూస్తే వంటవాడికీ అర్థమవుతుంది ఇన్‌స్పెక్టర్‌కీ అర్థమవుతుంది. మళ్లీ మరిగిస్తే అన్నీ పోతాయిలే అంటారు చాలామంది, స్టెఫిలోకోకస్ అనే బ్యాక్టీరియా వదిలిన విషం మరిగించినా పోదు. ఇలా కారణం తెలిసిన ఇన్‌స్పెక్టర్ మాట ఓనరు వింటాడు, రూల్ ఇదీ అని ఊరికే గద్దించేవాడి మాట వాడు వెళ్లేదాకే వింటాడు.

దోమల విషయం ఒక్క ముక్కలో, డెంగీ తెచ్చే ఏడిస్ దోమ గుడ్లు నీళ్ల అంచున గోడకి అంటుకుని నెలల తరబడి ఎండినా బతికే ఉంటాయి, కాబట్టి నీళ్లు పారబోయమని చెప్పి వస్తే సగం పనే అయినట్టు, తొట్టి లోపలి అంచు గీకి కడగమని చెప్పాలి, వారానికి ఒకసారి.

ఇక మ్యాన్‌హోల్ విషయానికొస్తే నా చెయ్యి వణుకుతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ గ్యాస్ మొదట్లో కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది, కానీ సుమారు 100 పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో 100 పాళ్లు) దగ్గరికి వెళ్లేసరికి ముక్కు పనిచెయ్యడం మానేస్తుంది, వాసన తెలీదు. వాసన పోయింది, గాలి ఆడింది, దిగొచ్చు అని పైన నిలబడ్డవాళ్లు అనుకునేది సరిగ్గా అప్పుడే. దిగినవాడు పడిపోతే తీయడానికి ఇంకొకడు దిగుతాడు, వాడి కోసం ఇంకొకడు. అసలు మనిషిని దించకుండా మెషీన్‌తో చేయించాలి, ఎవరైనా దిగాల్సి వస్తే మాత్రం గ్యాస్ కొలిచే మీటర్ తాడుతో దింపి పైన, మధ్యలో, అడుగున మూడు చోట్లా చూడాలి, ఎందుకంటే ఆ గ్యాస్ గాలి కన్నా బరువు, అడుగునే ఉంటుంది. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం, 19.5 కి తగ్గితే ఎవర్నీ దిగనివ్వకూడదు. ఆ మీటర్ ఆన్ చెయ్యడం రాని ఇన్‌స్పెక్టర్‌ని అక్కడ సూపర్‌వైజర్‌గా నిలబెట్టడం ఘోరం అండి, వేరే మాట దొరకడం లేదు నాకు.

ట్రైనింగ్ ఒకసారి ఇచ్చి వదిలేస్తే కూడా లాభం లేదు. గాలిలో పీఎం 2.5 అనే సన్నటి ధూళి ఏడాది సగటు ఘనపు మీటరుకి 10 మైక్రోగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో చెప్పింది, 2021లో దాన్ని 5 కి దించింది. పాత నోట్సు పట్టుకుని ఉన్నవాడికి ఈ సంగతి ఎవరు చెప్తారు?

సంబంధిత అధికారులకి నేను అడిగేది ఇంతే. కొత్తగా చేరినవాళ్లని కనీసం ఆరు నెలలు పని తెలిసిన సీనియర్ వెంట తిప్పండి. ల్యాబ్‌లో వారం రోజులు కూర్చోబెట్టండి, తాము పంపిన శాంపిల్ అక్కడ ఏమవుతుందో కళ్లతో చూడనివ్వండి. చివర్లో పరీక్ష పేపర్ మీద పెట్టకండి, కుళాయి దగ్గరికి తీసుకెళ్లి బాటిల్ చేతికివ్వండి, అడుగున ఆ తెల్లపొడి ఎందుకుందో చెప్పమనండి. చెప్పలేకపోతే ఇంకో నెల నేర్పించి అప్పుడు డ్యూటీకి పంపండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ హెల్త్ ఇన్‌స్పెక్టర్